సూర్యుడి మీద మోపిన నేరం

కుందుర్పి,
2024 ఆగస్టు 4, ఆదివారం.

పాప సువర్ణకు,

మీ మామ తిప్పేస్వామి రాసేది. ఫోనుండగా ఈ కాగితమేందని నవ్వొద్దు. ఫోను చేస్తే "మామా, డ్యూటీలో ఉండా, మళ్ళా చేస్తా" అంటావు. ఆ మళ్ళా అనేది ఇంతవరకూ రాలేదు. కాగితమైతే చదవక తప్పదు. పైగా ఇప్పుడు నేను అడిగేది నోటితో అడిగేది కాదు, రాతలో ఉండాల్సిన సంగతి.

ఈడ వాన లేదు. ఆషాఢంలో రెండు సార్లు దుమ్ము అణిగేంత పడింది. దాన్ని నమ్మి చెనిక్కాయ వేసినోళ్ళు ఇప్పుడు తలకాయ పట్టుకొని కూర్చున్నారు. మీ అత్తకు మోకాళ్ళ నొప్పి అట్లే ఉంది. ఆమె సంగతి తర్వాత.

లింగప్ప సంగతి రాయాల. నా ఈడువాడు, మన వెనకింటివాడు. నువ్వు ఏడో తరగతిలో ఉన్నప్పుడు జ్వరమొస్తే మేకపాలు తెచ్చిచ్చినవాడు. గుట్ట అవతల అతనికి అయిదెకరాలుంది. బోర్లు వేసి వేసి ఆరు ఎండిపోయి, ఏడోది తూర్పు హద్దు గెనిమ గట్టు పక్కనే వేస్తే రెండించుల నీళ్ళు పడినాయి. ఆ బోరు మీదే ఆ ఇల్లూ, అరవై రెండు జీవాలూ. ఆ తూర్పు పక్క భూములన్నీ ఇప్పుడు సోలారు కంపెనీ గుత్తకు తీసుకుంది. అందరూ ఇచ్చినారు. లింగప్ప ఒక్కడే ఇయ్యలేదు. "బోరు ఇచ్చి నేనేం తాగల్ల, గొర్రెలేం తాగల్ల" అన్నాడు.

కంపెనీకి కొలిచి హద్దురాళ్ళు వేసే పని, లైసెన్సు సర్వేయరునని నాకే ఇచ్చినారు. మే పదకొండు, శనివారం ఉపగ్రహాల మిషనుతో కొలిచి వేసినాను. సోమవారం పోలింగు. కూలోళ్ళందరూ ఓట్లకు ఊర్లకు పోతారు, ఆ లోపలే అయిపోవాలని సైటు మేనేజరు సుదర్శన్ సారు తొందర పెట్టినాడు. లింగప్ప ఊర్లో లేడు. ఎప్పటి మాదిరే ఎండాకాలం మందను తోలుకొని బళ్ళారి పక్క కాలవ భూములకు పోయిన్నాడు. పక్క రైతు నిలబడి సంతకం పెట్టాల, అది రూలు. ఫోను చేస్తే "నువ్వు కొలిస్తే నేనుండల్లనా తిప్పన్నా? ఏసెయ్‌పో" అన్నాడు. అతని పేరు పక్కన "ఫోనులో ఒప్పుకున్నాడు" అని రాసుకొని రాళ్ళు వేయించినాను.

లింగప్ప జూలై ఇరవైకి తిరిగొచ్చినాడు. అప్పటికి కంచె లేసింది. బోరు కంచె లోపల ఉంది పాపా. కంచెకు మూడడుగుల దూరంలో, లోపల. నా రాళ్ళు నాలుగు మీటర్లు పడమరకు, అతని చేన్లోకి పడినాయి. పాత రాళ్ళను మిషన్లతో పెరికేసి నేలంతా సాపు చేసినారు. ఇప్పుడు మళ్ళీ కొలవాలంటే కంపెనీ ఒప్పుకొని లోపలికి రానియ్యాల.

లింగప్ప వచ్చి నన్ను తిట్టలేదు. అరుగు మీద కూర్చొని "మిషను గూడా తప్పు చెప్తాదా తిప్పన్నా?" అని అడిగినాడు. అంతే.

మే నెలలో సూర్యుడి మీద తుపాను వచ్చిందని, ఆకాశంలో ఎర్రరంగు కనిపించిందని పేపర్లో వేసినారు కదా. నీ ఉద్యోగంలో నువ్వు చూసేదే ఆ సూర్యుణ్ణి. సుదర్శన్ సారు ఏమంటాడంటే, ఆ రోజు మిషను తప్పు చూపింది సూర్యుడి వల్లనే అని పెద్ద ఆఫీసు నుంచి ముద్రతో కాగితం తెస్తే పైవాళ్ళతో మాట్లాడి మళ్ళీ కొలిపిస్తానంటాడు. ఆ కాగితం నువ్వు రాయాల. నేను నిన్ను ఏనాడూ ఏమీ అడగలేదు. ఇది అడుగుతున్నా.

ఇట్లు నీ మంచి కోరే
మామ.


బెంగుళూరు,
ఆగస్టు 12.

మామా,

ఫోను సంగతి నిజమే. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. ఉత్తరం వచ్చిన రోజు రెండుసార్లు చదివాను. నీ చేతిరాత చూసి ఎన్నేళ్ళయిందో. ఇప్పటికీ అంకెలు ముత్యాల్లా రాస్తావు, అక్షరాలు మాత్రం కోడి గీకినట్టే.

నేను చేసే పనేమిటని అత్త ప్రతిసారీ అడుగుతుంది, నేను ప్రతిసారీ నవ్వేసి ఊరుకుంటాను. ఈసారి చెబుతాను, చదివి వినిపించు. సూర్యుడి ముఖం మీద మచ్చలుంటాయి. అవి ఎన్ని ఉన్నాయి, పెరుగుతున్నాయా, మెలి తిరుగుతున్నాయా అని రాత్రీ పగలూ వంతులవారీగా చూస్తుంటాం. మెలి ఎక్కువైతే ఒక్కోసారి తెగి పేలుతుంది. అప్పుడు అక్కడి నుంచి నిప్పుల దుమ్ములాంటి గాలి ఎగిసి ఒకటి రెండు రోజుల్లో మన దాకా వస్తుంది. వస్తుందో, పక్కనుంచి పోతుందో, ఎంత బలంగా తగులుతుందో ముందుగా చెప్పడం నా ఉద్యోగం. వాన గురించి చెప్పేవాళ్ళను మీరు తిట్టినట్టే మమ్మల్నీ తిడతారు. చెప్పింది రాకపోతే ఒక తిట్టు, చెప్పకుండా వస్తే రెండు.

మే నెలలో వచ్చింది ఇరవై ఏళ్ళలో పెద్దది. మే పది రాత్రి పదిన్నర దాటాక తగిలింది. పదకొండు పగలంతా ఉంది. నీ రోవరు మిషను ఉపగ్రహాల నుంచి సంకేతం ఎంతసేపట్లో వచ్చిందో చూసి దూరం కడుతుంది కదా. దారిలో, చాలా ఎత్తున, ఒక పొర ఉంటుంది. తుపానుకు ఆ పొర కలత పడుతుంది. సంకేతం నిలకడ తప్పి ఆలస్యమవుతుంది. మిషను పాపం ఆ ఆలస్యాన్ని దూరం అనుకుంటుంది. అందుకే నాలుగు మీటర్లు జరిగింది అంటే నేను ఆశ్చర్యపోను.

కానీ "జరిగి ఉండవచ్చు" అనడం వేరు, "జరిగింది" అనడం వేరు మామా. మా డైరెక్టరుగారు మొదటిదానికి సంతకం పెడతారు, రెండోదానికి పెట్టరు. అందుకని అడుగుతున్నాను. ఆ రోజు మిషనులో నిలవైన ఫైలు నీ దగ్గర ఉందా? కొలిచేటప్పుడు పచ్చలైటు నిలకడగా వెలిగిందా, మిణుకుమిణుకుమందా? ఇంకో విధంగా ఎక్కడైనా సరిచూశావా? ఏది ఉన్నా రాయి. ఉన్నది ఉన్నట్టు రాయి.

లింగప్ప చిన్నాయనను అడిగానని చెప్పు. ఆ మేకపాల వాసన ఇప్పటికీ గుర్తుంది, అస్సలు బాగుండేది కాదు.

నీ
సువర్ణ.


కుందుర్పి,
ఆగస్టు 22.

సువర్ణకు,

నేను అడిగింది కాగితం. నువ్వు పంపింది ప్రశ్నలు. పోలీసులు గూడా ముందు కూర్చోమని చెప్పి తర్వాత అడుగుతారమ్మా.

ఫైలు లేదు. మిషను అనంతపురం నుంచి తెచ్చిన బాడుగ మిషను, ఎప్పుడో ఇచ్చేసినాను. పచ్చలైటు వెలిగిందా అంటే వెలిగింది. మే నెల ఎండలో ఏ లైటు ఎట్లుందో ఎవరికి తెలుస్తుంది. నిలబడితే చెప్పులు కరిగేటట్లుంది ఆ రోజు. ఇంకో విధంగా సరిచూసినావా అంటావు. దేంతో సరిచూడాల? రెండేళ్ళ కింద ఉగాదికి వచ్చినప్పుడు ఎవరు చెప్పినారు, "మామా, ఆ కొలత గొలుసును పాత ఇనుపోళ్ళకు వెయ్యి, ఆకాశం నుంచి కొలిస్తే అబద్ధముండదు" అని? మీ అత్త ముందర, నవ్వుతా చెప్పినావు. ఆ గొలుసు కొస పట్టుకొని చేన్లలో తిరిగే కదా నువ్వు కూడికలూ తీసివేతలూ నేర్చింది. మీ అమ్మ పోయినాక నిన్ను యాడ వదలాలో తెలియక కొలతలకు తోలుకొని పోతాంటి. అప్పుడు గొలుసు మంచిది, ఇప్పుడు ఇనుము.

నాకు తెలుసు నీ ఇబ్బంది ఏమిటో. మామ సర్వే తప్పు చేసినాడని మీ పెద్ద ఆఫీసులో తెలిస్తే నీకు నామోషీ. పదో తరగతి తప్పినవాడి మేనకోడలని ఆడ ఎవరికీ చెప్పుండవు.

లింగప్ప పొద్దున్నే మందను మూడు మైళ్ళు నడిపించుకొని చెరువు కింద బావికి పోతున్నాడు. ఆ బావిలో నీళ్ళ కంటే బురద ఎక్కువ. రెండు వేళలా నడిచి నడిచి గొర్రెలు ఎండిపోయినాయి. పోయిన గురువారం గేటు కాడికి పోయి "ఒక్క అర్ధగంట మోటరు ఎయ్యండప్పా, తాపుకొని పోతా" అన్నాడంట. వాచ్‌మన్ "నాకు ఆర్డరు లేదు పెద్దాయనా" అన్నాడంట. గొర్రెలకు ఆర్డరు యాడ తెలుస్తాది! కంచె అవతల తొట్టిని చూసి ఒకటే అరుపు. తోలితే కదల్లేదంట. మరుసటి సంతకు ఇరవై అమ్మేసినాడు. కోర్టుకు పో అని కొందరు చెప్తారు. కోర్టు తీర్పు వచ్చేలోపల ఈ గొర్రెల మనవరాళ్ళు గూడా ఉండవు.

సుదర్శన్ సారు సెప్టెంబరు పదిహేను లోపల కాగితం కావాలన్నాడు. రాస్తే రాయి. రాయకపోతే రాయనని రాయి.

తిప్పేస్వామి.


బెంగుళూరు,
సెప్టెంబరు 3.

మామా,

నీ ఉత్తరం చదివి డ్యూటీ గదిలోనే ఏడ్చాను. పక్క సీటు అబ్బాయి సూర్యుడు పేలాడేమోనని పరిగెత్తుకొచ్చాడు. నీమీద కోపం అంతా ఇంతా కాదు. నామోషీ అంటావా? మా డైరెక్టరుగారికి నేను మొదటి రోజే చెప్పాను, నాకు లెక్కలు నేర్పింది సర్వే గొలుసు పట్టిన మా మామ అని. నాకు సిగ్గు లేదు మామా. భయం ఉంది. దేనికో ఇప్పుడు రాయలేను.

నీ భయమూ నాకు తెలుసు. నీ లైసెన్సు పోతుందని. ముప్పై ఏళ్ళు ఎండలో నిలబడి సంపాదించుకున్న పేరు ఒక్క రోజుతో పోతుందని. అందుకే ఫైలు గురించి అడిగితే అంత ఎగిరిపడ్డావు. ఇంకేమీ అడగను.

కాగితం ఇందులో పెట్టాను. ముద్ర, సంతకం ఉన్నాయి. పొట్టిగా ఉందని అనుకోకు, ఈ మూడు వాక్యాల కోసం నాలుగు సార్లు ఆయన గదికి వెళ్ళాను. మే పదకొండున దేశమంతటా తీవ్రమైన సౌర తుపాను ప్రభావం ఉందని మొదటి వాక్యం. ఉపగ్రహాల ఆధారంగా చేసిన కొలతల్లో కొన్ని మీటర్ల దాకా తేడా రావడానికి అవకాశం ఉందని రెండోది. మూడోది నేను పట్టుబట్టి చేర్పించింది. "ఇది ప్రకృతి సిద్ధమైన సంఘటన, కొలిచే వ్యక్తి అదుపులో లేనిది." ఆ మూడో వాక్యం నీ కోసం. దాంతో నీ మీదికి ఎవరూ వేలెత్తరు.

గడువులోగా ఇవ్వు. జెరాక్స్ ఒకటి దగ్గర పెట్టుకో. లింగప్ప చిన్నాయన మిగతా జీవాలను అమ్మొద్దని చెప్పు, కొన్నాళ్ళు ఓపిక పట్టమను.

కోపంగా, ప్రేమగా,
సువర్ణ.


కుందుర్పి,
అక్టోబరు 6.

పాపకు,

కాగితం అందిన రోజే ఇచ్చినాను. సుదర్శన్ సారు నిలబడే రెండు సార్లు చదివినాడు. మూడో వాక్యం దగ్గర ఆగి, మళ్ళా చదివి, నాకు కుర్చీ వేసి టీ తెప్పించినాడు. అంతకు ముందు ఆ ఆఫీసులో నాకెవరూ కుర్చీ వెయ్యలేదు. పని అయిపోయిందనుకున్నాను. ఇంటికొచ్చి మీ అత్తతో ఓళిగలు చేయించి లింగప్ప ఇంటికి గూడా పంపినాను. తిన్నారు పాపం.

పది రోజుల కింద కంపెనీ పెద్దాఫీసు నుంచి జవాబొచ్చింది. ఇంగిలీషులో ఉంటే స్కూలు అయ్యవారితో చదివించినాను. ఆయన చెప్పింది చెప్పినట్లు రాస్తున్నాను. సదరు తేడా ప్రకృతి వైపరీత్యం వల్ల వచ్చిందని గౌరవనీయమైన సంస్థ ధ్రువీకరించినందున, నాతో చేసుకున్న సర్వే ఒప్పందంలోని పద్నాలుగో షరతు ప్రకారం దానికి ఎవరూ బాధ్యులు కారు, కంచె ఉన్న చోటనే ఉంటుంది. అంటే కొలిచినవాడిది తప్పు కాదు, కొలిపించినవాడిదీ తప్పు కాదు. సూర్యుడిది తప్పు. సూర్యుడికి నోటీసు ఇయ్యలేరు కాబట్టి లింగప్ప బోరు పోయింది.

నువ్వు ఆ మూడో వాక్యం ఎందుకు రాసినావు? నిన్ను ఎవరు రాయమన్నారు?

ఇది గూడా విను. మానవత్వంతో లింగప్పకు ఉద్యోగం ఇస్తామని అదే కాగితంలో రాసినారు. సోలారు పలకల మీద దుమ్ము పడితే కరెంటు తగ్గుతుందంట, వారానికొకసారి నీళ్ళతో కడగాలంట. ఆ నీళ్ళు ఆ బోరువే. మిగిలిన గొర్రెలు అమ్మేసి లింగప్ప ఒకటో తారీఖున పనిలో చేరినాడు. మొదటి రోజు మోటరు స్విచ్చి యాడుందో వాళ్ళకు సరిగా తెలియకపోతే ఇతనే చూపించినాడంట. అది చెప్పి నవ్వినాడు. నేను నవ్వలేకపోయినాను.

ఊర్లో నన్ను ఎవరూ ఏమీ అనరు. "సూర్యుడు చేసిందానికి తిప్పన్నేం చేస్తాడులే" అంటారు. అంగడి కాడ టీ ఇప్పించి మరీ అంటారు. అది విన్నప్పుడల్లా నాకు అన్నం దిగదు.

ఒప్పందం కాగితాల జెరాక్స్ పెట్టినాను. నువ్వన్నా చదివి చూడు, ఏమన్నా దారి ఉందేమో. నీ మీద కోపం పోలేదు.

మామ.


బెంగుళూరు,
అక్టోబరు 15.

మామా,

కోపం పోవద్దు. ఈ ఉత్తరం చదివాక ఇంకా పెరుగుతుంది.

భయం ఉందని, దేనికో రాయలేనని అన్నాను కదా. ఇదీ సంగతి. మే పది సాయంత్రం ఆ తుపాను గురించి హెచ్చరిక రాసింది నేనే. ముందు రోజు నుంచే తెలుసు మాకు. విమానాలవాళ్ళకు, కరెంటు లైన్లవాళ్ళకు, ఉపగ్రహాలు నడిపేవాళ్ళకు, ఓడలవాళ్ళకు పంపాను. ఉపగ్రహ కొలతలను రెండు రోజులు నమ్మవద్దని అందులో ఒక వాక్యం ఉంది. అది నా చేత్తో రాసిన వాక్యమే. ఆ జాబితాలో చేలగట్ల మీద మిషను పట్టుకొని నిలబడేవాళ్ళు ఎవరూ లేరు. ఎవరికీ గుర్తుకు రాలేదు.

నాకు వచ్చింది మామా. ఆ వాక్యం రాస్తుండగా నువ్వే గుర్తుకొచ్చావు. ఫోను చేతిలోకి తీసుకున్నాను కూడా. చేస్తే పెళ్ళి సంగతి ఎత్తుతావు, తర్వాత అత్త తీసుకుంటుంది, అరగంట పోతుంది అనుకున్నాను. రేపు చేద్దాంలే అని పెట్టేశాను. పదహారు గంటల డ్యూటీ చేసి మరునాడు సాయంత్రం దాకా నిద్రపోయాను. దేశమంతటికీ చెప్పాను, నీకు చెప్పలేదు. నిన్ను కాపాడాలని ఆ మూడో వాక్యం రాయించింది ఇందుకే. నన్ను నేను కాపాడుకోవడానికే అనుకో.

పోయిన గురువారం ఇంకొకటి వచ్చింది, మేలో వచ్చినంత కాదు. ఈసారి హెచ్చరిక రాయకముందే నీకు ఫోను చేశాను. మూడుసార్లు. నువ్వు ఎత్తలేదు.

ఇప్పుడు అసలు విషయం, జాగ్రత్తగా చదువు. పద్నాలుగో షరతు కింద పదిహేనోది ఉంది. దాన్ని మీ అయ్యవారు చదవలేదు. సర్వేయరు తన పొరపాటు వల్ల హద్దు తప్పిందని ఆధారంతో రాసిస్తే, కొలిచిన రోజు నుంచి ఆరు నెలల లోపల కంపెనీ మళ్ళీ కొలిపించి కంచె జరపాలి. ఖర్చు సర్వేయరుది. ఆరు నెలలంటే నవంబరు పది. అంటే సూర్యుడిది తప్పయితే బోరు పోయినట్టే. నీది తప్పయితే వస్తుంది.

అందుకని ఆగస్టులో అడిగిందే మళ్ళీ అడుగుతున్నాను. ఆ రోజు తేడా ఉందని నీకు తెలిసే వీలు ఏదైనా ఉందా? నువ్వు గొలుసు పారేశావంటే నేను నమ్మను. నేను చెప్పినంత మాత్రాన నువ్వు ఏదైనా పారేసిన మనిషివా? ఉంటే లైసెన్సు పోతుంది, ఖర్చు మీద పడుతుంది, అంగడి దగ్గర టీ ఇప్పించేవాళ్ళు ఉండరు. ఖర్చుకు నేనున్నాను. మిగతావాటికి నేను లేను, నువ్వే ఉండాలి. ఏమీ లేకపోతే లేదని రాయి, ఇక ఎప్పటికీ అడగను. కానీ పదో తేదీ లోపల రాయి మామా.

నీ కాళ్ళకు మొక్కి,
సువర్ణ.


కుందుర్పి,
నవంబరు 24, ఆదివారం.

పాప సువర్ణకు,

నీ ఉత్తరం అక్టోబరు పంతొమ్మిదో తారీఖే అందింది. పోస్టాఫీసు మీద నెపం పెట్టను.

గొలుసు పారెయ్యలేదు. అటక మీద ఉండేది. మే పదకొండు సాయంత్రం ఎండ తగ్గినాక మనసు ఒప్పక దాన్ని తీసుకొని మళ్ళీ పోయినాను. గుట్ట బండ మీద మా గురువు కాలంనాడు చెక్కిన గుర్తు ఉంది. దాని నుంచి లింగప్ప తూర్పు గెనిమకు పాత పటంలో ఎంత రాసుండాదో నాకు కంఠతా వచ్చు. గొలుసు వేసినాను. హద్దు పటం చెప్పినచోటే తేలింది. మిషను వేయించిన రాయి దానికి నాలుగు మీటర్లు ఇవతల ఉంది. రెండోసారి వేసినాను. అంతే. పాకెట్ బుక్కులో రెండు కొలతలూ రాసుకున్నాను, తారీఖు వేసి. ఆ పేజీ ఇప్పుడు గూడా ఉంది.

మరి ఎందుకు సరిచెయ్యలేదంటావు. ఆడ నిలబడి చాలాసేపు అనుకున్నాను. మిషను ఆకాశం నుంచి చూస్తుంది, నేను నేల మీద నుంచి చూస్తున్నా. గొలుసు ముసలిది, నేనూ ముసలోణ్ణి, సాగిందేమో. నా మేనకోడలు చదువుకునింది, అది చెప్పింది, ఆకాశంలో అబద్ధముండదని. కూలోళ్ళు పోయినారు. రాళ్ళు మళ్ళా పెరకాలంటే సుదర్శన్ సారు ముందర నేను తప్పయితాను. ఇదంతా కలిపి, "మిషనే కరెక్టులే" అని ఇంటికొచ్చినాను. నీ మీద వేయడానికి ఇది రాయలేదు. నా చేతిలో నా కొలత ఉండి, నేను దాన్ని నమ్మలేదు. ఆ రోజు పొరపాటు సూర్యుడిది కానీ, తప్పు నాది.

నువ్వు ఆగస్టులో అడిగినప్పుడే చెప్పుండాల. చెప్పకుండా నిన్నే తిట్టినాను. దొంగే గట్టిగా అరుస్తాడు కదా.

ఇంక అసలుది. నీ ఉత్తరం ఇరవై రోజులు జేబులో పెట్టుకొని తిరిగినాను. మరిచిపోయినానని రాయొచ్చు, నువ్వు నమ్ముతావు. మరవలేదు. ప్రతి రోజూ పొద్దున "ఈ రోజు పోయి ఇచ్చేస్తా" అని లేస్తాంటి. లైసెన్సు బోర్డు చూస్తాంటి. అంగడి కాడ ఎవడో "రా తిప్పన్నా" అంటాండె. ఆ పూట అట్లే పోతాండె. నవంబరు పదో తారీఖు పొద్దున పాకెట్ బుక్కు తీసుకొని, ఉతికిన చొక్కా వేసుకొని గేటు కాడికి పోయినాను. ఆదివారం. ఆఫీసు మూసి ఉంది. వాచ్‌మన్ "రేపు రాప్పో" అన్నాడు.

ఆదివారం మూసి ఉంటుందని నాకు తెలుసు పాపా. తెలిసే పోయినాను. ఇంతకంటే నీచం నేను నా బతుకులో చెయ్యలేదు. మీ అత్తకు గూడా చెప్పలేదు, నీకు రాస్తున్నా.

తర్వాత పది రోజులకు ఉండబట్టలేక లింగప్ప కాడికి పోయినాను. కంచె లోపల పలకలు కడుగుతున్నాడు. పైపు ఒక చేత్తో, కర్రకు కట్టిన బ్రష్షు ఇంకో చేత్తో. కంచె ఇవతల నిలబడి అంతా చెప్పినాను. గొలుసు, పుస్తకం, పదిహేనో షరతు, ఆదివారం. ఏదీ దాచలేదు.

పైపు కింద పెట్టి విన్నాడు. నీళ్ళు పోతానే ఉన్నాయి. "నాలుగు నెల్లాయ తిప్పన్నా, నేను పైనోడ్ని తిట్టుకుంటాండా" అన్నాడు.

"కొట్టల్లంటే కొట్టు లింగప్పా" అన్నాను.

"కొట్టేదేందప్పా. నువ్వని తెలిసింటే ఆ రోజే నీ ఇంటి కాడికొచ్చి, నీ చొక్కా పట్టుకొని, నా బోరు నాకియ్యి అని అడిగింటి. నువ్వు ఇచ్చింటివి. సూర్యుడని చెప్తిరి. సూర్యుణ్ణి యాడ పోయి అడిగేది?"

"నువ్వు ఇచ్చింటివి" అన్నాడు పాపా. నేను ఇచ్చేవాణ్ణని అతను ఇంకా అనుకుంటున్నాడు. లింగప్ప పైపు తీసుకొని తర్వాతి పలక కాడికి పోయినాడు. "జరుగప్పా, నీళ్ళు పడతాయి" అన్నాడు. జరిగినాను.

తిప్పేస్వామి.